కన్నతల్లి ఎపిసోడ్ వచ్చిన రోజు ఇంట్లో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు

నన్ను పదకొండో నెలలో మా పిన్ని మా అమ్మకి ఇచ్చేసింది. పిన్ని అంటే నన్ను కన్నావిడ, అమ్మ అంటే ఆవిడ అక్క, నన్ను పెంచినావిడ. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ దాచలేదు, ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు తెలుసు, అలవాటైపోయిన విషయమే. కానీ టీవీలో కన్నతల్లి బిడ్డని గుర్తుపట్టే ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం మాత్రం గదిలో ఉన్నవాళ్ళంతా టీవీ వదిలేసి ఒకసారి నా మొహం, ఒకసారి పిన్ని మొహం చూస్తారు. ఎవరో ఒకరు "ఎంతైనా కన్నపేగు కదా" అంటారు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్తుంది. అక్కడ పనేమీ ఉండదు.

ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్క లేదు, అందుకే ఇది రాస్తున్నాను. సీరియల్ చూడొద్దని చెప్పను, ఏడవొద్దని అసలే చెప్పను, నేనూ చూస్తాను, నేనూ ఏడుస్తాను. కాకపోతే మనం అన్న మాట టీవీలో ఉన్నవాళ్ళకి వినపడదు, పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడుతుంది. ఆ పక్కన దత్తత బిడ్డ ఉండొచ్చు, ఎప్పుడో బిడ్డని ఇచ్చేసినావిడ ఉండొచ్చు, కనకుండా పెంచిన తల్లి ఉండొచ్చు. కొందరి సంగతి మీకు తెలుసు, కొందరిది ఎప్పటికీ తెలియదు.

ఈ కథలు మనల్ని ఎందుకంత పట్టేస్తాయో ముందు కాస్త అర్థం చేసుకుంటే నోరు అదుపులో పెట్టుకోవడం తేలికవుతుంది. కార్తీకదీపం సంగతే తీసుకోండి, స్టార్ మాలో 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది, మన ఇళ్ళలో ఆ కథ తెలియనివాళ్ళు తక్కువ. దీపకి కవలలు పుడితే ఒక పాపని అత్తగారు సౌందర్య తీసుకెళ్ళి కొడుకు కార్తీక్ దగ్గర పెంచుతుంది. శౌర్య తల్లి దగ్గర, హిమ తండ్రి దగ్గర. ఎదురుగా ఉన్న వంటలక్క దీపే తన తల్లి అని హిమకి తెలియదు, మనకి తెలుసు. రోజుకి అరగంట చొప్పున నెలల తరబడి ఆ రహస్యాన్ని మనం మోస్తాం. ఎప్పుడు చెప్తారు, ఎప్పుడు అమ్మా అని పిలుస్తుంది అని ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి ఆ సీన్ వచ్చేసరికి ఇన్నాళ్ళ టెన్షన్ అంతా ఒక్కసారిగా నోట్లోంచి బయటపడుతుంది. ఆ క్షణంలో ఆలోచించి మాట్లాడేవాళ్ళు ఉండరు. అందుకే ఆలోచన ముందే చేసి పెట్టుకోవాలి.

ప్రోమో వచ్చిన రోజే మొదలుపెట్టండి

ఇలాంటి ఎపిసోడ్ ఏదీ చెప్పకుండా రాదు. వారం ముందు నుంచే ప్రోమో తిప్పి తిప్పి వేస్తారు. ఇంట్లో దత్తత తీసుకున్న పిల్లలుంటే, వాళ్ళకి ఆ విషయం తెలిసి ఉంటే, ముందురోజే మామూలుగా చెప్పండి: "రేపు సీరియల్లో ఆ పాపకి కన్నమ్మ కనిపిస్తుందట, మనం కలిసి చూద్దామా, వద్దా?" అని. వద్దంటే ఆ రోజుకి ఆపేయండి, ఫోన్లో తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు. చూస్తానంటే మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. చుట్టాలు నిండా ఉన్న గదిలో, అందరి కళ్ళూ తన మీద పడే చోట మాత్రం కూర్చోబెట్టకండి.

బిడ్డకి ఇంకా చెప్పని ఇళ్ళు కూడా చాలా ఉన్నాయి. వాళ్ళకి ఒక మాట గట్టిగా చెప్పాలి. సీరియల్ సీన్ బాగా పండింది కదా, ఇదే సందు అని ఆ రాత్రే చెప్పేయకండి. టీవీలో తల్లి గుండెలు బాదుకుంటూ ఏడ్చిన పది నిమిషాలకి "నువ్వు కూడా ఇలాగే" అంటే, ఆ బిడ్డకి జీవితాంతం తన కథ ఆ సంగీతంతో, ఆ ఏడుపుతో కలిసి గుర్తుంటుంది. దత్తత సంగతి బిడ్డకి మాటలు వచ్చీరాని వయసు నుంచే కొంచెం కొంచెంగా, నిద్రపుచ్చేటప్పుడు చెప్పే కథలాగా చెప్తూ రావడం మంచిదని ఈ రంగంలో పనిచేసేవాళ్ళంతా చెప్తారు. మీకు ఆలస్యమై ఉంటే కంగారు పడకండి, కానీ మీరు నెమ్మదిగా ఉన్న రోజు చూసుకుని చెప్పండి. ఇంకెవరో చెప్పకముందే చెప్పండి.

చూస్తున్నప్పుడు

ఏడుపొస్తే ఏడవండి, ముక్కు తుడుచుకోండి, ఇబ్బంది లేదు. ఇబ్బందంతా నాలుగైదు మాటలతోనే. అవి మనకి చిన్నప్పటి నుంచీ నాలుక చివరే ఉంటాయి కాబట్టి వాటి గురించి కొంచెం ఎక్కువే రాస్తాను.

"నిజమైన అమ్మ", "సొంత అమ్మ." ఈ రెండూ మానేయండి, ఇంకేమీ మార్చుకోకపోయినా ఇది మార్చుకోండి. ఒకావిడ నిజమైతే రెండో ఆవిడ ఏమిటి? మనకి ఎంత చక్కని మాటలున్నాయో చూడండి, కన్నతల్లి, పెంచినతల్లి. రెండింటిలోనూ తల్లి ఉంది, ఇద్దరూ చేసిన పని ఆ మాటలోనే ఉంది. కనింది, పెంచింది. ఇంతకంటే ఏం కావాలి? దత్తత తల్లిని సవతితల్లి అనేవాళ్ళు కూడా ఉన్నారు, అది మాటగా కూడా తప్పు, సవతితల్లి అంటే తండ్రికి ఇంకో భార్య.

"కని పారేసింది" అనే మాట ఇంకా ఘోరం. సీరియల్లో ఆవిడ బిడ్డని గుడి మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయిన సీన్ చూసి కోపంతో అంటాం. విన్న పిల్లకి అర్థమయ్యేది తల్లి చెడ్డదని కాదు, తాను పారేసిన వస్తువునని. "పెంచలేక ఇచ్చేసింది", "దగ్గర పెట్టుకోలేకపోయింది" అనండి. ఎక్కువ సందర్భాల్లో నిజం కూడా అదే.

"రక్తం పిలుస్తుంది, పేగు కదులుతుంది" అనడం. రచయితలకి ఇది బాగా అచ్చొచ్చిన సీన్, సంతలో ఎదురుపడగానే తల్లి గుండె ఝల్లుమంటుంది, బిడ్డ ఆగి వెనక్కి చూస్తుంది. చూడటానికి బాగుంటుంది. నాకు మాత్రం చిన్నప్పుడు పిన్ని వచ్చిన ప్రతిసారీ నాలో ఏదో కదలాలేమోనని ఎదురుచూడటం గుర్తుంది. ఏమీ కదిలేది కాదు. పిన్ని తెచ్చిన జంతికలు తినేసి ఆడుకోవడానికి పోయేదాన్ని. నాలో ఏదో లోపం ఉందని చాలా ఏళ్ళు అనుకున్నాను. పెద్దయ్యాక పిన్ని మీద ప్రేమ వచ్చింది, ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ కబుర్లు విని, ఆవిడ మోకాళ్ళకి నూనె రాసి వచ్చిన ప్రేమ అది. రక్తం పిలవకపోతే బిడ్డది తప్పు కాదని మీ ఇంట్లో పిల్లలకి తెలిసేలా మాట్లాడండి.

"ఎంతైనా కన్నతల్లి కన్నతల్లే" అని ఎవరైనా పెద్దవాళ్ళు అన్నప్పుడు ఎదురు చెప్పడం మన ఇళ్ళలో కష్టం. అలాంటప్పుడు నేను కర్ణుడి మాట ఎత్తుతాను, పెద్దవాళ్ళు వింటారు. యుద్ధానికి ముందు కృష్ణుడు కర్ణుడికి నీ కన్నతల్లి కుంతి అని చెప్తాడు, పాండవుల వైపు వచ్చేయమంటాడు, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడు ఏమంటాడు? నన్ను చూడగానే ప్రేమతో నన్ను పెంచిన రాధకి పాలు వచ్చాయి, నా మలమూత్రాలు ఎత్తింది, ఆమెకి పిండం పెట్టకుండా ఎలా ఉంటాను అంటాడు. తర్వాత కుంతి స్వయంగా వచ్చినప్పుడు ఆవిడ మీద కోపం దాచుకోడు, అయినా అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగురినీ చంపనని మాటిస్తాడు. రాధేయుడిగానే పోతాడు. ఈ కథలో కుంతి దుఃఖం తక్కువ కాదు, రాధ చాకిరీ తక్కువ కాదు. భారతం విన్న ఇంట్లో ఈ ఒక్క మాట చాలు, "మరి రాధో?" అని.

పిల్లలు అడిగితే

ఎపిసోడ్ అయ్యాక మీరు దత్తత తీసుకోని ఇంట్లో కూడా పిల్లలు అడుగుతారు, "అమ్మా, నన్ను నువ్వే కన్నావా?" అని. మన దగ్గర ఇక్కడ ఒక పాత అలవాటుంది, "నిన్ను తవుడిచ్చి కొన్నాం" అని ఏడిపించడం. దీని వెనక పెద్ద కథే ఉంది, పుట్టిన పిల్లలు పుట్టినట్టు పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డని ఇంకొకరి చేతికిచ్చి గుప్పెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కునేవారు, మృత్యువు కన్ను పడకూడదని. ఉత్తరాంధ్రలో తవిటయ్య, తవిటమ్మ అనే పేర్లు అలా వచ్చినవే, పెంట మీద పెట్టి తెచ్చుకుంటే పెంటయ్య. అంటే బిడ్డ దక్కాలనే ఆరాటంలోంచి పుట్టిన మాట అది. ఇప్పుడు ఆ కథ పోయి వేళాకోళం ఒక్కటే మిగిలింది. మామూలు రోజున అంటే పిల్లలు నవ్వుతారు, ఈ ఎపిసోడ్ చూసిన రాత్రి అంటే కొందరు నిద్రపోరు. ఆ ఒక్క రోజుకైనా మానేయండి, దత్తత బిడ్డ ఉన్న ఇంట్లో అయితే ఎప్పటికీ మానేయండి.

దత్తత బిడ్డ అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. పైకి "ఆ ఆంటీ మంచిదా చెడ్డదా" అని అడిగినా లోపల ఉన్న భయం ఎక్కువసార్లు ఒక్కటే, నన్ను కూడా ఎవరైనా వచ్చి తీసుకెళ్ళిపోతారా అని. కాబట్టి ముందు దానికి జవాబు చెప్పండి. "ఎవరూ తీసుకెళ్ళలేరు. నువ్వు మా దగ్గరే ఉంటావు. చట్టం కూడా అదే చెప్తుంది." తర్వాత మిగతావి. "నా కన్నమ్మ ఎక్కడుంది?" అంటే, తెలిస్తే వయసుకి తగ్గట్టు చెప్పండి, తెలియకపోతే "నాకు తెలియదు, నువ్వు పెద్దయ్యాక తెలుసుకోవాలనిపిస్తే నేను నీతో వస్తాను" అనండి. "నువ్వు మాకు దేవుడిచ్చిన వరం" అనేసి మాట తుంచేయకండి. వరం అన్న బిడ్డకి బాధపడే వీలుండదు, బాధపడితే కృతజ్ఞత లేనట్టవుతుందని నోరు మూసుకుంటుంది. నేను అలాగే మూసుకున్నాను.

సీరియల్లో జరిగేది, బయట జరిగేది

ఆ భయం పోవాలంటే ముందు మీకే కొన్ని విషయాలు ఖాయంగా తెలియాలి, ఎందుకంటే సీరియల్లో కన్నతల్లి ఒక రిపోర్టు పట్టుకొచ్చి "నా బిడ్డని నాకిచ్చేయ్" అంటుంది, ఎపిసోడ్ చివర బిడ్డ చెయ్యి పట్టుకుని గడప దాటిపోతుంది.

బయట అలా జరగదు. బిడ్డని పెంచలేని తల్లి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డని అప్పగించవచ్చు. ఆవిడకి మళ్ళీ ఆలోచించుకోవడానికి రెండు నెలల గడువు ఇస్తారు. అది దాటాకే బిడ్డని దత్తతకి ఇవ్వవచ్చని ప్రకటిస్తారు. తన చేతిలో లేని పరిస్థితుల వల్ల బిడ్డని వదులుకున్న తల్లిదండ్రులకి శిక్ష వర్తించదని కూడా ఆ చట్టంలోనే ఉంది. దత్తత ఉత్తర్వు ఇంతకుముందు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు నుంచి జిల్లా మెజిస్ట్రేటు, అంటే మన కలెక్టరు ఇస్తున్నారు. ఆ ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ అన్ని విధాలా పెంచినవాళ్ళ బిడ్డే.

మా ఇంట్లోలాగా అక్కాచెల్లెళ్ళ మధ్య జరిగే దత్తతలు ఎక్కువగా 1956 నాటి హిందూ దత్తత చట్టం కిందికి వస్తాయి. అందులో ముఖ్యమైనది బిడ్డని ఒకరు ఇవ్వడం, ఇంకొకరు పుచ్చుకోవడం, హోమం తప్పనిసరి కాదు. ఒకసారి చెల్లుబాటైన దత్తతని ఇచ్చినవాళ్ళు గానీ పుచ్చుకున్నవాళ్ళు గానీ రద్దు చేసుకోలేరు, ఆ బిడ్డ కూడా దాన్ని కాదని పుట్టిన ఇంటికి తిరిగి వెళ్ళడానికి చట్టం ఒప్పుకోదు. ఈ మాట నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే పిన్ని వచ్చిన ప్రతి పండక్కీ నా బట్టలు మంచం కింద దాచుకునేదాన్ని కాదు.

మూలాలు వెతుక్కునే దారి కూడా ఉంది. 2022 దత్తత నియమాల ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు సొంతంగా, అంతకన్నా చిన్నవాళ్ళు పెంచిన తల్లిదండ్రులతో కలిసి కేంద్ర దత్తత సంస్థ కారాకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కన్నతల్లి తన వివరాలు గోప్యంగా ఉంచమని కోరి ఉంటే ఆవిడ ఒప్పుకోవాలి. మూడో మనిషి వెతకడానికి వీల్లేదు. మేనత్తకో పక్కింటావిడకో ఎంత కుతూహలమున్నా అది వాళ్ళ పని కాదు.

కామెంట్ పెట్టే ముందు

సీన్ చూసిన వెంటనే ఫోన్ తీస్తాం. నటించినావిడ ఏడుపు నచ్చితే నచ్చిందని రాయండి, రచయిత సాగదీస్తున్నాడనిపిస్తే అదీ రాయండి. బిడ్డని విడదీసిన పాత్ర వేసినావిడని బూతులు తిట్టకండి, ఆవిడ చేసింది తన పని. ఇది తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను.

నన్ను భయపెట్టేవి వేరే రకం కామెంట్లు. "అచ్చం మా వీధిలో ఫలానా వాళ్ళ పాప కథే ఇది, ఆ పిల్లకి ఇంకా తెలియదు పాపం" అని రాస్తారు. ఊరి పేరు రాస్తారు, ఒక్కోసారి బడి పేరు కూడా. మంచి మనసుతోనే రాస్తారు. ఆ పిల్లకి పదమూడేళ్ళు వచ్చి ఫోన్ చేతికొచ్చిన రోజు అది అక్కడే ఉంటుంది. సంరక్షణ అవసరమై కమిటీ ముందుకు వెళ్ళిన పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టే ఇతర వివరాలు ఏవీ బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తుంది, ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జైలు సంగతి పక్కన పెట్టండి. ఆ కథ ఆ పిల్లది. చెప్పాలా వద్దా అనేది ఆ పిల్ల, ఆ తల్లిదండ్రులు చూసుకుంటారు. మీరు రాసేసి ఉంటే ఇప్పుడే వెళ్ళి తీసేయండి.

ఇలాంటి ఎపిసోడ్ల కింద ఇంకో రకం పోస్టు కూడా కనపడొచ్చు, "పాప ఉంది, పెంచుకునేవాళ్ళుంటే ఇన్‌బాక్స్‌కి రండి" అని. షేర్ చేయకండి, మీ పిల్లల్లేని చుట్టాలకి పంపకండి. చట్టం చెప్పిన దారిలో కాకుండా బిడ్డని చేతులు మార్చడం నేరం, డబ్బు తీసుకుంటే అది అమ్మకం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పండి. నిజంగా పెంచుకోవాలనుకునేవాళ్ళు కారా పోర్టల్లో నమోదు చేసుకోవాలి, ఎలాగో తెలియకపోతే జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే చెప్తారు.

ఇచ్చేసిన తల్లి మీ గదిలోనే ఉంటే

దీని గురించి ఎవరూ రాయరు. సీరియల్లో కన్నతల్లి గట్టిగా ఏడుస్తుంది, పరిగెడుతుంది, దేవుడి ముందు కూలబడుతుంది. మా పిన్ని అలాంటి సీన్ వచ్చినప్పుడు చీర కొంగుకి ఉన్న దారప్పోగులు లాగుతూ కూర్చుంటుంది. ఆవిడ వైపు తిరిగి "నీకెలా అనిపిస్తోందే" అని అడిగినవాళ్ళున్నారు. ఇంకొకాయన, మాకు పెదనాన్న వరస అవుతాడు, "నువ్వెలా ఇచ్చావమ్మా, నాకైతే చేతులు రావు" అన్నాడు. జవాబు లేని ప్రశ్నలు అవి. బిడ్డనిచ్చిన మనిషిని ఎలా అని, ఎందుకని అడిగితే కోర్టులో నిలబెట్టినట్టే ఉంటుంది.

ఏమీ అడగకపోయినా పరవాలేదు, మామూలుగా కాఫీ ఇచ్చి, మామూలుగా మాట్లాడితే చాలు. ఆవిడకి మాట్లాడాలని ఉన్నట్టు తోస్తే మాత్రం చిన్న విషయం అడగండి, తప్పొప్పులతో సంబంధం లేనిది, ఆవిడకి ఒక్కదానికే గుర్తుండేది. బిడ్డ పుట్టినప్పుడు జుట్టు ఎంతుంది, ఎవరు మొదట ఎత్తుకున్నారు, ఆ రోజు వాన పడిందా. నేను ఇది నేర్చుకున్నది మా అమ్మ దగ్గరే. మొన్న సంక్రాంతికి పిన్ని ఉయ్యూరు వచ్చింది, రాత్రి అన్నాలయ్యాక టీవీలో ఏదో అలాంటి సీనే నడుస్తోంది. ప్రకటనలు రాగానే అమ్మ ఎప్పటిలా లేచి వెళ్ళలేదు. రిమోట్ తీసి సౌండ్ తగ్గించి పిన్నిని అడిగింది, "ఇదిగో, దీన్ని నా చేతిలో పెట్టి గుడివాడ బస్సెక్కావే, ఆ రోజు ఏ చీర కట్టుకున్నావు? నాకు ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు."

పిన్ని కొంగు వదిలేసింది. "ఆకుపచ్చ వాయిల్. పాలు కారి ముందంతా తడిసిపోయింది. నువ్వే కదక్కా నీ తువ్వాలు తెచ్చి కప్పావు. అది నీకు మళ్ళీ ఇవ్వనే లేదు."

"ఉందా ఇంకా?" అంది అమ్మ.

"ఉంది," అంది పిన్ని.